షియాన్ మసీదుకు గుంబద్ లేదు

చైనా వెళ్లొచ్చిన మనవాళ్లను ఏం చూశారని అడిగితే గ్వాంగ్‌జౌ హోల్‌సేల్ మార్కెట్ల గురించో, ఈవూ బజారు గురించో చెబుతారు. తిజారత్ కోసం పోయినవాళ్లు కదా, తప్పులేదు. కానీ చేతిలో ఒక్కరోజు మిగిలితే షియాన్ చూసి రమ్మంటాను. నాకు అక్కడ దొరికిందీ ఒక్కరోజే. మన ఇళ్లలో, మసీదుల్లో తెగని ఒక బహస్‌కు ఆ రోజు నాకు జవాబు కనిపించింది.

పొద్దున పెద్ద బాతు పగోడా చూశాను. హుయాన్ త్సాంగ్ హిందుస్తాన్ నుంచి మోసుకెళ్లిన బౌద్ధ గ్రంథాలను దాచడానికి 652లో కట్టిన గోపురం అది. మన వేంగికీ, ధాన్యకటకానికీ వచ్చిన ముసాఫిర్ ఆయనే. వేంగి అంటే ఏలూరు పక్కన పెదవేగి. మా నగరం నుంచి ఎంత దూరమని!

మధ్యాహ్నం 13.7 కిలోమీటర్ల కోటగోడ మీద కొంత నడిచి, 1380 నాటి నగారా బురుజు దాటి ముస్లిం మొహల్లాలోకి వెళ్లాను. అక్కడి పెద్ద మసీదు పునాది 742 నాటిదని రివాయత్. ఇప్పుడున్న రూపం చాలావరకు మింగ్ పాదుషాల కాలానిది. గుంబద్ లేదు. మీనార్ స్థానంలో ఎనిమిది పలకల బురుజు. వంపు తిరిగిన చూరులు, వరసగా అయిదు ప్రాంగణాలు. దూరం నుంచి చూస్తే చైనా గుడే అనుకుంటాం. అయితే అక్కడి గుళ్లు మామూలుగా దక్షిణానికి చూస్తాయి. ఈ మసీదు తూర్పు నుంచి పడమరకు, కాబా వైపు సాగుతుంది. నమాజ్ చదివే హాలు లోపల చెక్క పలకల మీద ఖురాన్ చెక్కి ఉంది.

వీళ్లు హుయ్ ముస్లింలు. మాట్లాడేది చైనా భాష. కానీ నమాజ్‌ను నమాజ్ అనే అంటారు. ఇమామ్‌ను 'ఆహోంగ్' అంటారు, అది ఫార్సీ 'ఆఖూంద్'. తోటి ముస్లింను పిలిచే మాట 'దోస్తీ'. మాంసం షోర్వాలో రొట్టె తుంచుకుని తింటుంటే నాకు మన సరీదే గుర్తొచ్చింది. పదిహేడో శతాబ్దం నుంచే వీళ్ల ఆలిములు దీన్ గురించి చైనా భాషలో కితాబులు రాశారు. దాంతో వాళ్ల ఈమాన్ తగ్గలేదు, ఫార్సీ మాటలూ చావలేదు.

ఇప్పుడు మన సంగతి. కోనసీమలో చాలామంది మన పిల్లలకు ఉర్దూ చదవడం రాదు. అయినా చాలాచోట్ల జుమా బయాన్ ఉర్దూలోనే సాగుతుంది. పిల్లలు తలలూపుతారు, బయటికొచ్చాక ఏం చెప్పారంటే చెప్పలేరు. ఖుత్బా అరబ్బీలోనే ఉండనివ్వండి. దానికి ముందు బయాన్ తెలుగులో పెట్టమంటే, ఉర్దూ పోతుందని బుజుర్గుల ఫికర్. ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని, ఆ దర్ద్ నాకు తెలుసు. కానీ అర్థంకాని బయాన్ వల్ల ఏ జబానూ బతకదు. ఉర్దూ బతకాలంటే మక్తబ్‌లో అక్షరాలు నేర్పాలి. పిఠాపురం ఉమర్ ఆలీషా తెలుగు కవి అయ్యారు. అంతమాత్రాన ముస్లిం కాకుండా పోలేదే!

ఇక్కడే ఇంకో మాట చెప్పకపోతే బేఇన్సాఫీ అవుతుంది. షియాన్ మసీదు చూరులు అక్కడి ముస్లింలు తమ మర్జీతో ఎంచుకున్నవి. 2018లో నింగ్‌షియాలోని వేయ్‌జౌ మసీదు గుంబద్‌లు తీయాలని సర్కారు హుకుం ఇస్తే, హుయ్‌లు మసీదు ముందు బైఠాయించారు. చివరికి గుంబద్‌లు పోయాయి. షిన్‌జియాంగ్‌లో ఉయ్‌గూర్ల మీద సాగింది మానవత్వంపై నేరం కావచ్చని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయమే 2022 ఆగస్టు నివేదికలో చెప్పింది. చూరు ఒకటే. మర్జీతో కట్టుకుంటే తహజీబ్, హుకుంతో కట్టిస్తే జుల్మ్.

అందుకే రెండు మాటలంటాను. "మీకు తెలుగు బాగానే వచ్చే!" అని ఆశ్చర్యపోయేవాళ్లకు మనం సబూత్ చూపించే అవసరం లేదు. ఇది మన అమ్మీలు బజారులో బేరమాడిన భాష, మనం పరీక్షలు రాసిన భాష. ఇక మన మసీదు కమిటీలకు నా గుజారిష్: ఎవరో అడిగారని కాదు, మన పిల్లల కోసం, మన మర్జీతో, వచ్చే జుమా నుంచి బయాన్ తెలుగులో మొదలుపెట్టండి. 'నమాజ్', 'దోస్తీ' చైనా భాషలో ఇన్ని వందల ఏళ్లు బతికాయి. మన తెలుగులో బతకవా?