గుండె మీది దెబ్బకు పసుపు చాలదు

విజయదశమి రాత్రి హొళగుంద మండలం దేవరగట్టులో మాళ మల్లేశ్వర స్వామి ఉత్సవమూర్తుల కొరకు పల్లెలవారు కర్రలతో తలపడే బన్ని ఉత్సవం ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలవారికి తెలియనిది కాదు. తల పగిలినవారు గాయానికి పసుపు అద్దుకొని తిరిగి జనంలో కలియడం అక్కడ ఆనవాయితీ. ఆ ఆచారపు మంచిచెడ్డలు ఇక్కడ విషయం కాదు. పసుపును తక్కువచేయడం కూడా నా ఉద్దేశం కాదు. నన్ను కలవరపెట్టేది రక్తం కనిపిస్తేనే గాయమని, కనిపించకపోతే ఏమీ కాలేదని మన ఇళ్లలో పాతుకుపోయిన నమ్మకం. రొమ్ము మీద కర్రపోటు తగిలిన కుర్రవాడు లేచి కూర్చున్నాడంటే చాలు, పసుపు కలిపిన వేడిపాలు ఇచ్చి, కాపడం పెట్టి పడుకోబెడతాము.

సుశ్రుతుడు శరీరంలో 107 మర్మాలను పేర్కొని, హృదయాన్ని సద్యఃప్రాణహర మర్మాలలో చేర్చాడు. ఆ పేరు వినగానే తక్షణ మరణమని భావిస్తాము గాని, ఆయన చెప్పిన గడువు ఏడు రాత్రుల లోపు. దెబ్బకూ మరణానికీ నడుమ కొంత వ్యవధి ఉండవచ్చునని మన శాస్త్రం ఏనాడో గ్రహించిందన్నమాట. ఆయుర్వేదాభిమానులమని చెప్పుకొనే మనమే ఆ మాటను మరిచాము.

ఆ వ్యవధిలో లోపల జరిగేదేమిటో నేటి వైద్యం వివరిస్తున్నది. గుండెను పలుచని, కాని గట్టి సంచి ఒకటి చుట్టి ఉంటుంది. అది త్వరగా సాగదు. దెబ్బకు గుండె గోడ చిట్లి ఆ సంచిలోకి రక్తం వేగంగా చేరితే 150 నుంచి 200 మిల్లీలీటర్లు, అనగా చిన్న గ్లాసెడు, ప్రాణం తీయడానికి చాలు. దీర్ఘవ్యాధిలో మెల్లమెల్లగా లీటరుకు మించి నీరు చేరినా ఓర్చుకొనే సంచి ఇదే. చుట్టూ నిండిన రక్తం అదమడం వల్ల గుండె విప్పారలేదు. మెడనరాలు ఉబ్బుతాయి, నాడి సన్నగిల్లుతుంది, చల్లని చెమట పడుతుంది, ఊపిరి అందదు. అంతకు ముందు గంటసేపు ఆ మనిషి మామూలుగా మాట్లాడి ఉండవచ్చు.

పక్కటెముకలు విరగలేదు గదా అని ధైర్యపడడం మరొక పొరపాటు. పిల్లలకు, యువకులకు ఎముకలు వంగుతాయే గాని సులభంగా విరగవు. పైన చర్మం కమిలిన గుర్తు కూడా లేకుండా, రొమ్ము ఎముకకు సరిగ్గా వెనుక ఉండే కుడి జఠరిక చిట్లిపోవడం శవపరీక్షలలో కనిపించే సంగతే. మన ప్రాంతంలో ఇందుకు కర్రపోటే కానక్కరలేదు. పత్తి బోరాలతో వెళ్లే ట్రాక్టరు బోల్తాపడి స్టీరింగు రొమ్మును అదమడం, ఎద్దు కుమ్మడం, చెట్టు మీది నుంచి పడడం కూడా చాలు.

మరొకటి ఇంకా విచిత్రమైనది. క్రికెట్ బంతి రొమ్మున తగిలి, ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడు కుప్పకూలిపోవచ్చు. గుండె లయలో ఒకానొక సూక్ష్మ క్షణాన దెబ్బ పడితే ఆ లయ చెదరిపోతుంది. శవపరీక్షలో గుండెకు గాయమే కనిపించదు. దీనిని దిష్టి అనుకొనేవారిని నేను తప్పుపట్టలేను. కాని ముఖాన నీళ్లు చల్లుతూ, ఉల్లిపాయ వాసన చూపిస్తూ నిమిషాలు పోగొట్టుకోరాదు. వెంటనే రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి. 108కి కబురు వేరొకరు చేయాలి.

గుండె చిట్లితే ఇక చేయగలిగినది లేదనడం కూడా సరికాదు. 1896లోనే జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే శస్త్రవైద్యుడు కత్తిపోటు తగిలిన గుండెకు కుట్లు వేసి రోగిని బ్రతికించాడు. దిగిన కత్తిని దారిలో పెరకకూడదు. ఎమ్మిగనూరు నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి సుమారు 70 కిలోమీటర్లు. కాపడానికీ కషాయానికీ ఖర్చయ్యే గంట ఈ ప్రయాణానికి సరిపోయేది. పోలీసు కేసవుతుందని జంకేవారు 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పినది గుర్తుంచుకోవాలి. ముందు ప్రాణం కాపాడాలి, లాంఛనాలు తరువాత.

ఇక కుటుంబాలకు చేదుగా తోచే మాట. దెబ్బ తగిలిన మూడవ నాడు మనిషి పోతే గుండెపోటని చెప్పుకొని, కోత ఇష్టంలేక, హడావిడిగా దహనం చేస్తారు. ఆ బాధ అర్థం చేసుకోదగినదే. అయితే పోయినది రక్తనాళం పూడుకొనియా, దెబ్బకు గుండె చిట్లియా అన్నది రొమ్ము తెరిచి చూస్తే గాని తేలదు. గుండె సంచిలోని రక్తాన్ని వైద్యుడు మిల్లీలీటర్లలో కొలిచి నివేదికలో వ్రాస్తాడు. కొట్టినవాని మీద మోపిన నేరం నిలిచేదీ, ప్రమాద బీమా సొమ్ము భార్యాబిడ్డలకు అందేదీ చాలావరకు ఆ నివేదికను బట్టే. దహనం అయిన తరువాత దానిని వ్రాయించడం ఎవరి తరమూ కాదు.