ఎర్ర చుక్కలూ, కంపైలరూ

విశ్వం పుట్టిన 50-70 కోట్ల ఏళ్ళకే అంతంత బరువైన గెలాక్సీలా? ఇంకేం, బిగ్ బ్యాంగ్ పని అయిపోయిందని 2023లో ఒకటే గోల. జేమ్స్ వెబ్ టెలిస్కోపుకి దొరికిన చిన్న ఎర్ర చుక్కల సంగతే లెండి. వాటి వెలుగులో బామర్ బ్రేక్ అనే మెట్టుంటే, వయసు మళ్ళిన నక్షత్రాలు బోలెడున్నాయని లెక్కేశారు.

ప్రొడక్షన్లో నంబరు తేడా వస్తే మనం ముందే కంపైలర్ని తిడతామా? మధ్యలో డేటాని ఏది మార్చిందో చూస్తాం. ఇక్కడ మార్చింది వాయువని నా నమ్మకం. 2025లో వచ్చిన 'ది క్లిఫ్' అనే చుక్కలో ఆ మెట్టు మరీ నిటారు, నక్షత్రాలతో కుదర్లేదు. పెరుగుతున్న బ్లాక్ హోల్ చుట్టూ దట్టంగా హైడ్రోజన్ కమ్ముకుందంటే కుదురుతోంది. ఎక్స్-రేలు ఎందుకు రావట్లేదో కూడా దాంతో చాలామటుకు అర్థమవుతుంది.

ఇంకా పూర్తిగా తేలలేదనుకోండి. పైగా ఆ వాయువులోని ఎలక్ట్రాన్లే స్పెక్ట్రమ్ గీతల్ని వెడల్పు చేస్తుంటే, బ్లాక్ హోళ్ళ బరువులు కూడా మళ్ళీ తూచాల్సిందే.