మత్తున బండి నడుపుట - పట్టుబడినవారి హక్కులు

భైంసా ప్రత్తికి పేరుపడిన పట్టణము. ప్రత్తి దిగు దినములలో లారీలు, ట్రాక్టర్లు, మోటారుసైకిళ్లు 61వ నంబరు జాతీయ రహదారిపై నెడతెగక నడచుచుండును. ఒకవైపు నిర్మల్, మఱియొకవైపు మహారాష్ట్రములోని భోకర్, నాందేడు. పంట యమ్మి రొక్కము చేతబట్టినవాడు త్రోవలో మద్యపు దుకాణమునకు బోయి పిదప బండి నెక్కుట క్రొత్త కాదు. పోలీసువారు దారి కాచి గొట్టములో నూదుమనుటయు నిప్పుడు క్రొత్త కాదు. పట్టుబడిన తరువాత నేమగునో యెఱిగినవారు మాత్రము కడు కొలదిమంది. కావున నీ విషయమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

1939 నాటి మోటారు చట్టములో, బండిని అదుపులో నుంచుకొనజాలనంత మత్తు గలిగినప్పుడే నేరము. ఇప్పటి 1988వ సంవత్సరపు చట్టము 185వ సెక్షను క్రింద నూఱు మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి మద్యసార మున్నట్లు పరీక్షలో తేలినచో చాలును. చక్కగనే నడిపితినను వాదము చెల్లదు. 2019 సెప్టెంబరు 1వ తేదినుండి శిక్షయు పెరిగినది. మొదటి తప్పునకు ఆఱు మాసములవఱకు ఖైదు గాని, పదివేల రూపాయల జుల్మానా గాని, రెండును గాని. మరల చేసినచో రెండేండ్లవఱకు ఖైదు, పదునైదువేలు. లైసెన్సును పోలీసువారు స్వాధీనపఱచుకొని రద్దు విచారణకై పంపుదురు. లారీ తోలి పొట్ట పోసికొనువానికి జుల్మానాకంటె నిదియే పెద్ద దెబ్బ. ఈ నేరమును త్రోవలోనే రొక్కమిచ్చి పరిష్కరించుకొనుటకు చట్టము వీలియ్యలేదు. అట్లు పుచ్చుకొన్న రొక్కము ఖజానాకు చేరునది గాదని వేఱుగ చెప్పవలయునా?

ఇక రక్షణ మాట. దోషిని తప్పించు కిటుకులు నేర్పుట మా యుద్దేశము గాదు. చట్టము ప్రజలకు విధించినట్లే పోలీసువారికిని కొన్ని కట్టుబాట్లు విధించినది. 185వ సెక్షను క్రింద అరెస్టయిన వానిని రెండు గంటలలోపల రిజిస్టరయిన వైద్యునిచే పరీక్ష చేయింపవలెను, చేయింపనిచో విడిచిపెట్టవలెను. ఇది 202వ సెక్షనులోనే యున్నది. నేరము జామీనుకు తగినది గనుక జామీను కోరుట దయాభిక్ష గాదు, హక్కు. అరెస్టుకు కారణము తెలిసికొనుట, వకీలును సంప్రదించుట రాజ్యాంగపు 22వ అధికరణము ప్రసాదించిన హక్కులు. కస్టడీలో నున్నవానికి 1987 నాటి చట్టము ప్రకారము ఉచిత న్యాయసహాయము లభించును. అయితే ఊదనని మొండికేయుట తెలివి గాదు. తగిన కారణము లేక నిరాకరించినచో నా నిరాకరణమే 205వ సెక్షను క్రింద నతనికి ప్రతికూల మగును.

బండి సంగతియు నెఱుగదగినది. త్రాగి నడిపెనను నెపమున వాహనమును పట్టి యుంచు నధికారము పోలీసువారికి లేదని తెలంగాణ హైకోర్టు 2021లో తీర్పు చెప్పినది. వెంట త్రాగని లైసెన్సుదారు డున్నచో నతనికే తాళపుచెవు లియ్యవలెను. లేనిచో బంధుమిత్రులకు కబురంపి యప్పగింపవలెను. ఎవ్వరును రానప్పుడే ఠాణాలో నుంచవలెను.

మాకు మిక్కిలి బాధ గలిగించునది మఱియొకటి. ఒక్కపూటలో పీడ వదలునని యెంచి, చదువరాని కాగితములపై వ్రేలుముద్ర వేసి, కోర్టులో వరుసను నిలిచి ‘ఒప్పుకొంటి’ నని చెప్పి పోవువా రుందురు. ఆ యొక్క మాట పూర్వశిక్షగా నమోదగుననియు, మరల పట్టుబడిన నాడు రెండేండ్ల ఖైదుకు దారి తీయుననియు వారి కెవ్వరు చెప్పిరి? తెలుగు, ఉరుదూ, మరాఠీ మూడును వినబడు మన పట్టణమున నీ మాట మూడింటను చెప్పవలదా?

ఇంత చెప్పుట త్రాగువారిపై జాలిచేత గాదు. 2006లో బొంబాయి కాలిబాటపై నిదురించుచున్న ఏడుగురు కూలివారిని బలిగొన్న చోదకునిపై హత్య కాని నరవధ నేరమును సుప్రీంకోర్టు 2012లో స్థిరపఱచెను. నేటి భారతీయ న్యాయసంహిత 105వ సెక్షను క్రింద నట్టి నేరమునకు పదేండ్లవఱకు శిక్ష పడవచ్చును. 2025 అక్టోబరు 24వ తేది తెల్లవాఱుజామున కర్నూలు చెంత బస్సు తగులబడి 19 మంది ప్రయాణికులు మాడిపోయిరి; ఆ బస్సు క్రింద జిక్కిన మోటారుసైకిలును నడిపినవాడు మద్యము సేవించి యుండెనని పరీక్షలో తేలినది. ఇట్టి వారి కుటుంబముల యెదుట నిలిచి పదివేల జుల్మానా హెచ్చని వాదించు ధైర్యము మాకు లేదు.

దుకాణములకు సరకు చేరునది ప్రభుత్వపు బెవరేజెస్ కార్పొరేషను గిడ్డంగులనుండియే. అమ్మిన చేతితోనే యూదుమను గొట్టమును చూపుచున్న ప్రభుత్వము, మార్కెట్టుకు వచ్చిన రైతు రాత్రివేళ నిలు చేరుటకు బస్సు నేల చూపదు? ప్రత్తి దినములలో భైంసానుండి పల్లెలకు పొద్దుపోయినదాక బస్సులు నడపవలెను. ఠాణా గోడపై రెండు గంటల నియమమును మూడు భాషలలో వ్రాయింపవలెను. ఇట్టి కేసులు పిలుచు దినమున న్యాయసేవాధికార సంస్థవారు వకీలు నొకనిని కోర్టు వరండాలో కూర్చుండబెట్టవలెను. ఈ మూడింటికి పెద్ద వ్యయము లేదు. పురపాలక సంఘమువారును, వకీళ్లును తోడ్పడినచో రాబోవు ప్రత్తి దినములకే యమలులోనికి తేవచ్చును.