‘ఎందుకైనా మంచిది’ ఖరీదు

మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లో అరబిందో, హెటిరో, మైలాన్ వంటి కంపెనీల మందుల ఫ్యాక్టరీలు వెలిశాయి. అక్కడ తయారైన గోలీ ఏ అమెరికాలోనో యూరప్‌లోనో రోగి నోట్లో పడేలోపు చాలా చేతులు మారుతుంది. ముడిసరుకు పంపే ఊరొకటి, అట్టపెట్టెలు చేసే ఊరొకటి, ఓడ ఎక్కించే రేవు ఇంకొకటి. ఇన్ని చోట్ల ఏది ఎంత ఉంది, ఏది ఎప్పుడు రావాలి, ఏది ఎప్పుడు కదలాలి అన్న లెక్కంతా ఒక్కచోట చూపించేదే సరఫరా గొలుసు సాఫ్ట్‌వేర్. పేరు కొత్తది గానీ పని పాతదే. సేటు చిట్టా, గోదాం గుమస్తా రిజిస్టరు, లారీ ఆఫీసు చలాను మూడూ ఒకటైతే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

మందుల గోదాంలో దాని పని బాగా కనబడుతుంది. గేటు దాటి లోపలికొచ్చిన ముడిసరుకు డ్రమ్మును వెంటనే వాడకూడదు. నమూనా ల్యాబ్‌కు పోతుంది. రిపోర్టు వచ్చేదాకా డ్రమ్ము మీద ‘క్వారంటైన్’ చీటీ ఉంటుంది. పాసైతే ‘అప్రూవ్డ్’, లేదంటే ‘రిజెక్టెడ్’. ఉత్త చీటీల మీదే నడిచిన కాలంలో షిఫ్టు తొందరలో ఎవరో ఒకరు పక్క డ్రమ్ము తోసుకెళ్లే వీలుండేది. ఇప్పుడు ల్యాబ్ విడుదల చేయని డ్రమ్ము బార్‌కోడ్‌ను స్కాన్ చేస్తే స్క్రీన్ ఒప్పుకోదు, తూకం గదికి సరుకు ఇష్యూ కాదు. ముందొచ్చింది ముందు పోవాలన్న గోదాం సూత్రం కూడా ఇక్కడ చెల్లదు. ముందు గడువు తీరేదే ముందు పోవాలి. నిన్న దిగిన డ్రమ్ము గడువు మొన్నటిదానికన్నా ముందే తీరవచ్చు. వందల డ్రమ్ముల మధ్య ఈ తేడా మనిషి కంటికి ఆనదు, యంత్రానికి అదొక పనే కాదు.

కంపెనీలకు అసలు లాభం మాత్రం సరుకు నిల్వ తగ్గడంలో ఉంది. ఉదాహరణకు ఒక ఫ్యాక్టరీ రోజుకు 50 కిలోల ముడిసరుకు వాడుతుందనుకుందాం. ఆర్డరిచ్చిన 30 రోజులకు సరుకు రావాలి, ఒక్కోసారి 45 రోజులవుతుంది. ఆ 15 రోజుల భయానికి 750 కిలోలు ఎప్పుడూ గోదాంలో పడి ఉండాల్సిందే. అదే ఓడ ఎక్కడుందో, కస్టమ్స్‌లో ఏ కాగితం ఆగిందో ముందే తెలిసి, ఆలస్యాన్ని 5 రోజులకు కుదించగలిగితే 250 కిలోలు చాలు. మిగిలిన 500 కిలోల డబ్బు వేరే పనికొస్తుంది. ‘ఎందుకైనా మంచిది’ అని దాచిపెట్టే ప్రతి బస్తాకూ అద్దె ఉంది, వడ్డీ ఉంది, గడువు తీరితే మొత్తానికే నష్టం. సాఫ్ట్‌వేర్ ఆ ‘ఎందుకైనా’ను కొంచెం కొంచెంగా కోస్తుంది. బాగా కోసేస్తే ఏమవుతుందో కొవిడ్ కాలంలో తేలింది. మందుల ముడిసరుకు దిగుమతుల్లో సుమారు మూడింట రెండు వంతులు చైనా నుంచే తెచ్చుకునే దేశంలో, అక్కడ ఫ్యాక్టరీలు మూతపడితే ఇక్కడ స్క్రీన్ మీద ఎర్ర గీతలు కనబడతాయే తప్ప సరుకు రాదు.

ఈ ‘ఎందుకైనా మంచిది’ ఒక్క గోదాంతో ఆగదు, మెట్టుమెట్టుకూ పెరుగుతుంది. దుకాణంలో 10 అమ్ముడయ్యేచోట 12 పోతే దుకాణదారు 15 తెప్పిస్తాడు, డిస్ట్రిబ్యూటరు 20 రాస్తాడు, కంపెనీ 30 తయారుచేస్తుంది. ఆ తర్వాత అందరి గోదాములూ నిండి, ఆర్డర్లు ఒక్కసారిగా ఆగిపోతాయి. కొరడా పిడిని కొంచెం కదిపితే కొస ఎంతో ఊగినట్టన్నమాట. పసిపిల్లల డైపర్ల ఆర్డర్లలో దీన్ని గమనించి ‘బుల్‌విప్’ అని పేరుపెట్టింది ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ. దీనికి మందు, దుకాణం కౌంటరు మీది బిల్లింగు లెక్క నేరుగా ఫ్యాక్టరీకి కనబడటమే. ఆర్డరును కాదు, అమ్మకాన్ని చూసి సరుకు తయారుచేయాలి.

ఇలాంటి ప్రణాళిక సాఫ్ట్‌వేర్‌కు ఆద్యుల్లో ఒకరు హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్ చదివిన సంజీవ్ సిద్ధు. ఆయన 1988లో డాలస్‌లో స్థాపించిన ఐటూ టెక్నాలజీస్ ఒక దశలో ఈ రంగంలో తిరుగులేని పేరు. అదే సాఫ్ట్‌వేర్ పెట్టిన బూట్ల కంపెనీ నైకీకి ఒకరకం బూట్లు గుట్టలు పడ్డాయి, అడిగే బూట్లు దొరకలేదు. సుమారు 10 కోట్ల డాలర్ల అమ్మకాలు పోయాయని 2001లో నైకీ ప్రకటించింది. తప్పు ఎవరిదన్నదానిపై రెండు కంపెనీలూ ఒకదాన్నొకటి వేలెత్తి చూపుకున్నాయి. పాత అలవాట్ల మీద కొత్త లెక్కను హడావిడిగా అతికిస్తే అంతే. ఎవరూ సరిచూడని అంచనాయే నిజమై కూర్చుంటుంది, దాన్నిబట్టి ఆర్డర్లు పోతాయి.

పాలమూరు మందుల కంపెనీలకు మాత్రం ఈ సాఫ్ట్‌వేర్ ఇష్టాయిష్టాల సంగతి కాదు. అమెరికా 2013లో చేసిన చట్టం ప్రకారం అక్కడ అమ్మే ప్రిస్క్రిప్షన్ మందు ప్రతి ప్యాకెట్టుకూ సొంత నంబరు ఉండాలి. మందు గుర్తింపు సంఖ్య, సీరియల్ నంబరు, బ్యాచ్, గడువు నాలుగూ చిన్న చదరపు కోడ్‌లో ఇమడాలి. యూరప్‌లో 2019 ఫిబ్రవరి 9 నుంచి ఇలాంటి నిబంధనే ఉంది. అక్కడ మందుల షాపులో ప్యాకెట్టును స్కాన్ చేయగానే ఆ నంబరు పని అయిపోతుంది. అదే నంబరుతో ఇంకో ప్యాకెట్టు వస్తే అది నకిలీ అని అక్కడికక్కడే అనుమానం.

ప్యాకింగు లైన్ దగ్గర ఇది చూడముచ్చటగా ఉంటుంది. ప్యాకెట్టు బెల్టు మీద పోతుంటే కోడ్ అచ్చవుతుంది, కెమెరా చదువుతుంది, చదవలేకపోతే యంత్రం గాలి ఊది ప్యాకెట్టును పక్కకు నెడుతుంది. మంచివి అట్టపెట్టెలోకి పోతాయి, ఆ పెట్టెకో నంబరు. పెట్టెలు పేర్చిన ప్యాలెట్‌కు మరో నంబరు. ఏ ప్యాలెట్‌లో ఏ పెట్టె, ఏ పెట్టెలో ఏ ప్యాకెట్టు అన్న వంశవృక్షం మొత్తం సిస్టమ్‌లో ఉంటుంది. చిక్కు వచ్చేదీ ఇక్కడే. నాణ్యత పరీక్షకని ఎవరో పెట్టె విప్పి ఒక ప్యాకెట్టు తీసి, ఆ మాట సిస్టమ్‌కు చెప్పడం మరిచిపోతే, ఏడు సముద్రాల అవతలి గోదాంలో లెక్క కుదరక పెట్టె ఆగిపోతుంది.

మరి మన దేశంలో? 2023 ఆగస్టు 1 నుంచి బాగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మందుల మీద బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయింది. అందులో మందు పేరు, తయారీదారు చిరునామా, బ్యాచ్, తయారైన తేదీ, గడువు, లైసెన్సు నంబరు వంటివి ఉంటాయి. ఒక్కో ప్యాకెట్టుకు విడిగా నంబరు మాత్రం అడగలేదు. ఒక బ్యాచ్‌లోని వేల ప్యాకెట్లదీ ఒకే కోడ్. దాన్ని ఫొటో తీసి నకిలీ ప్యాకెట్టు మీద అచ్చువేసినా స్కాన్ చేసినవాడికి అసలు వివరాలే కనబడతాయి. 300 బ్రాండ్ల బయట ఉన్నవాటికి అప్పుడు అదీ తప్పనిసరి చేయలేదు. అమెరికా పోయే ప్యాకెట్టు ఏ పెట్టెలో ఏ గోదాంకు చేరిందో పోలేపల్లిలో కూర్చుని చెప్పగలరు. అదే మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరి షాపులో అమ్ముతున్న ఒక బ్యాచ్‌ను వెనక్కి రప్పించాలంటే, కంపెనీ డిస్ట్రిబ్యూటరును అడగాలి, డిస్ట్రిబ్యూటరు బిల్లులు తిరగేసి షాపులకు ఫోన్లు చేయాలి. అప్పటికే కొనుక్కుపోయినవాళ్లు ఎవరో షాపు బిల్లు పుస్తకంలో పేరుంటే తెలుస్తుంది, లేకపోతే లేదు.