సైకత పరీక్ష

ఆదివారము సాయంకాలము విశాఖపట్టణమున రామకృష్ణ తీరమునకు పోయి చూచినవారికి ఒక విషయము స్పష్టము కాగలదు. సముద్రమున దిగి ఈదువారు స్వల్పము. తక్కిన జనమంతయు ఇసుకమీదనే యుందురు. తల్లులు చెరగులు పరచుకొని కూర్చుందురు. పిల్లలు గోతులు త్రవ్వుదురు, పిచ్చుకగూళ్లు కట్టుదురు, ఒకరినొకరు నడుమువరకు పూడ్చుకొని నవ్వుకొందురు. ఆ చేతులతోనే కాల్చిన మొక్కజొన్నపొత్తులు తిందురు. మన ప్రజలకు సముద్రస్నానము పర్వదినముల మాట. సముద్రవిహారమనగా ఇసుకలో విహారమే. అట్లుండ, మన నిబంధనలు కొలుచునది నీటిని మాత్రమే. ఈ వైపరీత్యమును గూర్చి పాఠకులకు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

మలముద్వారా వ్యాపించు రోగబీజములు పెక్కు. ప్రతిదానిని వేరువేరుగ వెదకుట వ్యయప్రయాసలతో కూడిన పని. కావున మనుష్యులయొక్కయు జంతువులయొక్కయు ప్రేగులలో వసించు కొన్ని సూక్ష్మజీవులను లెక్కించి, వాని సంఖ్యనుబట్టి కాలుష్యము నూహించుట శాస్త్రజ్ఞుల పద్ధతి. 1885లో థియొడార్ ఎషెరిచ్ అను వైద్యుడు వర్ణించినదియు, నేడు ఈ. కోలై యని వ్యవహరింపబడునదియు అట్టిజీవి; ఎంటెరోకాకై యనునవి వేరొక తెగ. పొగను చూచి నిప్పు నూహించు తార్కికుని న్యాయమే ఇది. స్నానమునకు తగిన సముద్రజలమున 100 మిల్లీలీటర్లకు మలకోలిఫారములు 100కు మించరాదని మన దేశపు ప్రమాణము. మంచిదే. కాని పొగ నీటిమీదనే వెదకి, కాళ్లక్రింద రగులుచున్నదానిని చూడకుండుట ఏమి వివేకము?

ఇసుక స్వభావము వేరు. నీటిలో పడిన ఈ జీవులు ఎండవేడిమికిని, ఉప్పునకును, కెరటముల తాకిడికిని చాలవరకు నశించును, చెదరిపోవును. ఇసుకలోనికి చొచ్చినవానికి నీడ కలదు, తేమ కలదు, రేణువులనంటియున్న జిగటపొర ఆశ్రయము కలదు. అందుచేతనే పెక్కు తీరములలో తడియిసుకయందలి సంఖ్య, తూకమునకు తూకము సరిచూచినపుడు, ప్రక్కనున్న నీటియందలి సంఖ్యకు అనేకరెట్లు అధికముగ కనబడినది. అంతతో ఆగదు. ఆటుపోటులును అలలును ఆ ఇసుకను కడిగి ఆ జీవులను మరల నీటిలో కలుపును. ఇసుక కేవలము మాలిన్యమును దాచు కొట్టు కాదు; తిరిగి పంచిపెట్టు కొట్టు కూడ.

ఇది వట్టి ఊహ కాదు. అమెరికా దేశమున సమీపమందు మురుగుశుద్ధి కేంద్రముల నీరు కలియు 7 తీరములకు వచ్చిన 27,000 మందికి పైగా జనులను, 10, 12 దినముల పిమ్మట మరల విచారించి, ఫలితములను 2009లో ప్రకటించిరి. ఇసుకను ముట్టనివారికంటె త్రవ్వినవారికి ఉదరవ్యాధులు నూటికి 13 వంతులును, ఇసుకలో పూడ్చుకొనినవారికి 23 వంతులును హెచ్చుగ కనబడినవి. ఇసుకలో ఎంటెరోకాకై అధికమైనకొలది, ఇసుక త్రవ్వినవారికి ఈ వ్యాధులును అధికమైనట్లు 2012లో మరియొక పరిశోధన తెలిపినది. ఇది మహామారి కాదు. అట్లని భయపెట్టుట మా యభిమతము కాదు. కాని త్రవ్వువారెవరు? పసిపిల్లలు.

ఇచట ఒక ఆక్షేపణ రాగలదు. ఉష్ణదేశముల మట్టిలోను ఇసుకలోను ఈ జీవులు కొత్తగా మలము చేరకున్నను నిలిచి వృద్ధిపొందవచ్చునని హవాయి ద్వీపములలో జరిగిన పరిశోధనలు తేల్చినవి. కావున మన తీరములలో ఈ సంఖ్యలకు విలువ లేదని కొందరనవచ్చును. ఆక్షేపణలో సత్యము కలదు. దానినుండి తీసిన నిర్ణయము తప్పు. ఒక్క సంఖ్యనుబట్టి తీర్పు చెప్పరాదనుట వేరు, పరీక్షయే వలదనుట వేరు. గెడ్డ ముఖద్వారమువద్దను, దూరమునను, వానకు ముందును, వెనుకను కొలిచి పోల్చినచో కాలుష్యము ఎచటినుండి వచ్చుచున్నదో ఇసుకయే సాక్ష్యము చెప్పును.

ప్రపంచారోగ్యసంస్థ 2021లో ప్రకటించిన సూత్రములలో తీరపుటిసుకను కూడ పరీక్షింపవలయునని చెప్పి, గ్రాము ఇసుకకు 60 ఎంటెరోకాకై అను తాత్కాలిక ప్రమాణమును సూచించినది. మనకు అంతకంటె ప్రియమైనది నీలధ్వజము. 2020లో ఋషికొండ తీరమునకు అది లభించినపుడు ఆంధ్రులందరును సంతసించిరి. 2025లో నిర్వహణలోపములచే అది కొంతకాలము దింపబడి, పిమ్మట మరల ఎత్తబడినది. పరులు జెండా దింపిననాడు మాత్రమే మనకు చీపురు జ్ఞప్తికి వచ్చుట స్వాభిమానము కలవారికి తగునా? పైగా ఆ ధ్వజమునకు సూక్ష్మజీవుల సంఖ్యలు విధించినది కూడ నీటికే. తీరము మనది, బిడ్డలు మనవారు, కొలమానమును కూడ మనమే పెట్టుకొనవలయును.

మేము కోరునవి పెద్దవి కావు. మొదటిది, నగరపు మురుగును గెడ్డలగుండ తీరమునకు చేరనీయక మధ్యనే మళ్లించి శుద్ధిచేయుట. ఇది కానిదే తక్కినదంతయు పైపూత. ఇసుకను యంత్రములతో దువ్వినయెడల కాగితములు, సీసాలు పోవును గాని కంటికి కనబడని జీవులు పోవు. రెండవది, నీటితోపాటు ఇసుకను నియతముగ పరీక్షించి, ఫలితమును తెలుగున పలకమీద వ్రాసి తీరముననే నిలుపుట. మూడవది, చేతులు కడుగుకొనుటకు మంచినీటి కొళాయిలు.

పాఠకులకును పని కలదు. గెడ్డ కలియుచోట పిల్లలను ఆడనీయకుడు. గట్టివాన వెలిసిన ఒకటి రెండు దినములు తడియిసుకకు దూరముగ నుంచుడు. తినుటకు ముందు చేతులు కడిగింపుడు. మీ పురపాలక సభ్యుడు ఓటునకై వచ్చినపుడు ఒక్క ప్రశ్న అడుగుడు: "మా పిల్లలు కూర్చుండు ఇసుకలో ఏమున్నదో తాము ఎన్నడైన కొలిపించితిరా?" ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము లభించు దినమున మన తీరము నిజముగ మనదగును.