అడిగి పంపుతున్నామా?

ఇంటరు చదివే రోజుల్లో నేనొక వక్తృత్వపు పోటీలో ద్వితీయ బహుమతి కొట్టేశాను. విషయం: "వృద్ధాశ్రమాలు మన సంస్కృతికి మచ్చ". శ్రవణకుమారుడితో మొదలుపెట్టి, పాశ్చాత్య నాగరికతను దుమ్మెత్తిపోసి, "కన్నవారిని ఆశ్రమాల పాలు చేసేవాడు మనిషే కాడు" అని బల్ల గుద్ది దిగాను. చప్పట్లు బాగానే పడ్డాయి. నేను ఒక్క వృద్ధాశ్రమం గడపైనా తొక్కానా లేదా అని న్యాయనిర్ణేతలెవరూ అడగలేదు.

నిరుడు వేసవిలో మా నాయనమ్మ పెట్టె మోసుకుంటూ ఆ గడప తొక్కాను.

ఆమెకు 79 ఏళ్ళు. తాతయ్య పోయాక పల్లెలో ఒంటరిగా ఉండేది. స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయ్యాక నాన్న పట్నంలోని మా ఫ్లాటుకి తీసుకొచ్చాడు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అమ్మా నాన్నా ఉద్యోగాలకి, చెల్లాయి కాలేజీకి, నేను హాస్టల్లో. పగలల్లా ఆమెకు టీవీయే దిక్కు. రెండోసారి పడ్డనాడు, సాయంత్రం అమ్మ వచ్చి తాళం తీసేదాకా నేలమీదే ఉండిపోయింది. మనిషిని పెట్టి చూశాం. రెండు నెలల్లో ముగ్గురు మారారు. చివరికి ఊరిబయట ఒక ఆశ్రమం మాట్లాడి, "నాలుగు రోజులు కాలికి వ్యాయామం చేయించుకుని వద్దువుగాని" అని చెప్పి కారెక్కించాం. ఆ ఎక్కించినవాళ్ళలో నేనూ ఉన్నాను.

పది రోజుల తర్వాత చూడబోతే ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "నిన్ను హాస్టల్లో దింపినప్పుడు నీకు చెప్పే దింపారు గదరా!" అంది. అంతే. జవాబు చెప్పడానికి నా వక్తృత్వం పనికిరాలేదు.

మిత్రులారా! వృద్ధాశ్రమంలో చేర్చడమే పాపమని ఇప్పుడు నేననను. 2011 జనాభా లెక్కల నాటికే మన దేశంలో అరవై దాటినవారు పది కోట్లకు పైబడ్డారు. పిల్లలు పరాయి ఊళ్ళల్లో, పరాయి దేశాల్లో. ఉమ్మడి కుటుంబం గురించి ఉపన్యాసాలిచ్చినంత మాత్రాన మూడో అంతస్తుకి లిఫ్టు రాదు. కానీ అడక్కుండా, చెప్పకుండా చేర్చడం మాత్రం ముమ్మాటికీ అన్యాయం. మనం సిగ్గుపడవలసింది అందుకు.

అక్కడికి వెళ్ళేవారికి ఏమి ఎదురవుతుందో మన హాస్టలు వాళ్ళకి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. మొదటి నెల గుర్తు తెచ్చుకోండి. గంట కొడితే కాఫీ, గంట కొడితే భోజనం. పక్క మంచం మీద ముక్కూ మొహం తెలియని మనిషి, ఆ మనిషి గురక. అందరికీ కలిపి వండిన కూర, అందులో ఉప్పూ కారం అంతంతమాత్రం. వాళ్ళకీ ఇంతే. మొదటి వారాల్లో నిద్ర పట్టదు, అన్నం సహించదు, కారు చప్పుడైతే చాలు కళ్ళు గేటుకేసి పోతాయి. మనకి మూడేళ్ళకో పట్టా చేతికొస్తుంది. వాళ్ళకి అలాంటి తేదీ ఏదీ లేదు. కనుకనే వాళ్ళకి మనకంటే ఎక్కువ చెప్పాలి.

మంచీ లేకపోలేదు. మా నాయనమ్మ పక్క మంచం ఆవిడకి చూపు ఆనదు; రోజూ పొద్దున్నే ఆవిడకి పేపరు చదివి వినిపించడం నాయనమ్మ పని. మా ఫ్లాటులో ఆమెతో ఎవరికీ పని ఉండేది కాదు!

చేర్చేముందు ఏమి చూడాలి? అన్నిటినీ వృద్ధాశ్రమం అనే ఒక్క పేరుతోనే పిలుస్తాం గానీ, ధర్మానికి నడిచేవి వేరు, నెలనెలా డబ్బు తీసుకునేవి వేరు, మంచాన పడ్డవారికి నర్సులతో సేవ చేసేవి వేరు. తన పని తాను చేసుకోగలిగినవాళ్ళనే చేర్చుకునే చోట్లున్నాయి. మనిషి మంచాన పడ్డనాడు "తీసుకెళ్ళండి" అని ఫోనొస్తుంది. కాబట్టి మొదట అడగవలసింది అదే. రాత్రిపూట ఎవరుంటారు, నర్సా, వాచ్‌మనా? జబ్బు చేస్తే ఏ ఆసుపత్రికి? డిపాజిట్టులో తిరిగొచ్చేదెంత, కాగితం మీద రాసిస్తారా? బీరువా తాళంచెవి, పింఛను పాసుబుక్కు ఎవరి దగ్గరుంటాయి? ఊరగాయ జాడీ పెట్టుకోనిస్తారా? నవ్వకండి, చివరిది చిన్న ప్రశ్న కాదు. భోజనాలవేళ చెప్పకుండా వెళ్ళి, అక్కడున్నవాళ్ళనే అడగండి. వీలుంటే రెండు వారాలు ఉండి చూశాకే నిర్ణయం చెప్పమనండి.

చట్టం సంగతి కూడా తెలియాలి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం, పట్టించుకోని పిల్లలనుంచి నెలకు 10,000 రూపాయల వరకు భరణం ఇప్పించవచ్చు. చూసుకుంటారనే షరతుతో ఆస్తి రాసిచ్చి మోసపోతే ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాలను ప్రభుత్వాలు స్థాపించవచ్చునని కూడా అందులో ఉంది. "స్థాపించవచ్చును" అన్నారు గానీ "స్థాపించవలెను" అనలేదు. ఆ ఒక్క అక్షరం తేడాలో ఎందరు నిరుపేదల నీడ పోయిందో పాలకులే ఆలోచించాలి! విద్యార్థి సంఘాలు అడగవలసిన ప్రశ్నల్లో ఇదీ ఒకటి. సలహా కావలసిన వయోవృద్ధులకు 14567 నంబరు ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఆ నంబరు రాసివ్వండి.

"చెబితే ఒప్పుకోరయ్యా!" అంటారు కొందరు. మేమూ అలాగే అనుకున్నాం. దసరాకి నాన్న ఆమెని ఇంటికి తీసుకొచ్చి, అబద్ధం చెప్పినందుకు తప్పయిందని, ఉన్నదున్నట్టు చెప్పి, "నీ ఇష్టం ఏమిటమ్మా?" అని అడిగాడు. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు చెప్పింది: "వెళ్తాను. పాసుబుక్కు నా దగ్గరుండాలి. నెలకో ఆదివారం ఇంటికి తేవాలి. మెట్లెక్కలేనని ఊరుకోకండి, మోసుకునైనా తేవాలి."

అదే ఆశ్రమం, అదే మంచం. కాని ఈసారి పెట్టె ఆమే సర్దుకుంది. ప్రతి నెలా ఆ ఆదివారం కుర్చీలో కూర్చోబెట్టి నాన్నా నేనూ మూడంతస్తులూ మోస్తున్నాం.

చదువవగానే మనలో చాలామందిమి హైదరాబాదుకో, బెంగుళూరుకో, అమెరికాకో రెక్కలు కట్టుకుపోయేవాళ్ళమే. ఇరవై ఏళ్ళకి మన అమ్మానాన్నల వంతు వస్తుంది. రిటైరు కాబోతున్న మా గురువులు కూడా తమ ఇష్టం ఏమిటో ఇప్పుడే పిల్లలకి చెప్పి ఉంచితే మంచిదని సవినయంగా మనవి చేస్తున్నాను. ఈ సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మనమూ ఒకమాట అడుగుదాం. కాళ్ళూ చేతులూ బాగున్న రోజుల్లో అడిగితేనే అది అడగడం. కారు వాకిట్లో పెట్టుకుని అడిగితే అది అడగడం కాదు.