ఫొటోల పేర్లు

హనుమకొండ వేయిస్తంభముల గుడియందలి రుద్రదేవుని శాసనము క్రీ. శ. 1163 నాటిది. అందు కాలమును, రాజు పేరును చెక్కించుటచేతనే అది ఎవరిదో, ఎప్పటిదో నేడు మనము చెప్పగలుగుచున్నాము. ఆ గుడిని చూడబోయిన విద్యార్థులు తీసిన ఫొటోలకో, కెమెరా పెట్టిన అంకెలు తప్ప వేరు పేర్లుండవు. ఖిలా వరంగల్లు తోరణములు, రామప్ప గుడి శిల్పములు, చెల్లెలి పుట్టినరోజు పండుగ అన్నియు ఒకే ఫోల్డరులో కలిసి పడియుండును. నాలుగేండ్లు గడచిన పిమ్మట ఏ స్తంభము ఏ గుడిదో తీసినవారికే తెలియదు.

ఈ చిక్కును తీర్చుటకు స్క్రిప్టు భాషలు కలవు. గైడో వాన్ రోసమ్ 1991లో వెలువరించిన పైథాన్ అట్టిది. కెమెరా సాధారణముగా ఫొటో తీసిన తేదీని ఆ ఫైలులోనే వ్రాసి పెట్టును. "ప్రతి ఫొటోలోని తేదీని చదివి, దానిని పేరునకు ముందుంచుము" అని కొన్ని పంక్తులలో ఆజ్ఞ వ్రాసి యిచ్చినచో రెండువేల ఫొటోలకైనను కొద్దిసేపటిలో పేర్లు మారును. చేతితో మార్చబూనినచో దినమంతయు పట్టును. విసుగుతో తప్పులును దొర్లును.

తేదీని 5-8-2024 అని కాక 2024-08-05 అని వ్రాయించవలెను. స్క్రిప్టు పేర్లను అక్షరక్రమమున పేర్చునపుడు 10ని 2 కంటె ముందుంచును. దాని మొదటి అంకె 1 గదా! 02 అని వ్రాసినచో వరుస చెడదు.

ఈ విద్యను ఎనిమిదవ తరగతిలోనే నేర్పవలెనని నా అభిప్రాయము. తయారైన అప్లికేషన్లుండగా పిల్లలకు ఈ శ్రమ యేల యని కొందరందురు. అప్లికేషన్ తన వరుసనే మనకు అంటగట్టును. స్క్రిప్టు వ్రాయు బాలిక, తన ఫొటోలు గుడినిబట్టి ఉండవలెనా, తేదీనిబట్టి ఉండవలెనా యని ముందుగా తానే తేల్చుకొనక తప్పదు. ఆ తేల్చుకొనుటయే చదువు. తక్కినది టైపు చేయుట.

అయితే యంత్రము తప్పుడు ఆజ్ఞను కూడ అంతే వేగముగా నెరవేర్చును. ఒకే దినమున తీసిన రెండు ఫొటోలకు తేదీ మాత్రమే పేరుగా పెట్టించినచో, కొన్ని కంప్యూటర్లలో రెండవది మొదటిదానిని చెరిపివేసి దాని స్థానమున కూర్చుండును, హెచ్చరికయైనను రాదు. కావున తేదీ తరువాత వరుససంఖ్యను చేర్పవలెను. మొదట ఫోల్డరునకు నకలు తీసి, పేర్లు మార్చకుండ కొత్త పేర్లను మాత్రము తెరపై చూపుమని స్క్రిప్టునకు చెప్పి, ఆ జాబితాను కన్నులార చదివిన పిమ్మటనే అసలు ఆజ్ఞ నీయవలెను. తొలగించు ఆజ్ఞను మాత్రము పిల్లల స్క్రిప్టులలో వ్రాయనీయరాదు. పైథాన్ తొలగించిన ఫైలు రీసైకిల్ బిన్‌లోనికి పోదు.